బావగారు ఇచ్చిన ఫుల్ సింథటిక్ ఆయిల్ నా పాత స్విఫ్ట్‌లో పొయ్యొచ్చా?

కొబ్బరికొట్టు_అమలాపురం:

అందరికీ నమస్కారం అండి. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నాది 2015 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్, రీడింగ్ 61 వేలు. ఇన్నేళ్లకి 61 వేలంటే మీకే అర్థమైపోతుంది, బండి పెద్దగా తిరగదు. పొద్దున్న ఇంటి నుంచి కొట్టుకి మూడు కిలోమీటర్లు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి, మళ్లీ కొట్టుకి, సాయంత్రం పాపని ట్యూషన్ నుంచి తీసుకురావడం, అంతే. ఏడాదికి ఒకసారి అన్నవరం, ఎప్పుడైనా పెళ్లిళ్లుంటే రాజమండ్రి.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా బావగారు వచ్చి డిక్కీలోంచి నాలుగు లీటర్ల డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. 0డబ్ల్యూ-40, ఫుల్ సింథటిక్, సీలు కూడా తియ్యలేదు. ఆయన జర్మన్ కారుకని కొన్నారట, ఈలోగా ఆ కారు అమ్మేశారు. "ఇది పోసి చూడు, బండి వెన్నలా పోతుంది" అన్నారు. ధర అడిగితే నవ్వి ఊరుకున్నారు, తర్వాత నేను షాపులో కనుక్కుంటే కళ్లు తిరిగాయి.

మా మెకానిక్‌కి చూపిస్తే డబ్బా వంక కూడా చూడలేదు. ఇన్నాళ్లూ మామూలు ఆయిల్ తాగిన బండికి ఇప్పుడు సింథటిక్ పోస్తే ఇంజనులో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్స్ లీకైపోతాయి, పాత ఇంజనుకి చిక్కగా ఉండాలి, 20డబ్ల్యూ-50 పోస్తానంటాడు. బండితో వచ్చిన పుస్తకంలో చూస్తే 5డబ్ల్యూ-30 అని ఉంది. ముగ్గురూ మూడు మాటలు. ఇంట్లో మా ఆవిడ నాలుగోది, "ఆ డబ్బా వరండాలోంచి తియ్యండి ముందు" అని.

అసలు సింథటిక్ పోస్తే తేడా తెలుస్తుందా? లీకుల సంగతి నిజమేనా? ఒకసారి మొదలుపెడితే ఇక ఎప్పటికీ అదే పొయ్యాలా?

ఇంకో చిన్న విషయం, దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు. ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి వైపు లేత పసుపు రంగులో మీగడలాంటిది అంటుకుని ఉంది. వేలితో తుడిస్తే వచ్చేసింది. ఆయిల్ మార్చి ఏడాదిన్నర దాటింది, తిరిగింది నాలుగు వేలే కదా అని ఊరుకున్నాను.

ఏటిగట్టు_డ్రైవర్:

ఆలోచించకుండా పోసేయండి గురువుగారూ. నాది డిజైర్ డీజిల్, ట్రావెల్స్‌లో తిప్పుతాను, లక్షా తొంభై వేలు దాటింది. లక్ష దాకా మామూలు ఆయిలే, తర్వాత ఒక కస్టమర్ చెప్తే 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్‌కి మారాను. రాత్రి పదింటికి రావులపాలెంలో బయలుదేరి తెల్లారేసరికి హైదరాబాద్‌లో దింపి, రెండు గంటలు పడుకుని మళ్లీ వెనక్కి వచ్చే బండి ఇది. ఎండాకాలం ఏసీ వేసుకుని, ఆరుగురిని ఎక్కించుకుని పోతున్నా ఇంజన్ మోత పలచగానే ఉంటుంది. ఒక్క చుక్క లీకు లేదు.

మైలేజీ గురించి మాత్రం ఎవరైనా లీటరుకి మూడు నాలుగు పెరుగుతుందని చెప్తే నమ్మకండి. ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించి ఐదారుసార్లు లెక్క చూశాను. నాకు అర కిలోమీటరు కూడా తేడా రాలేదు, ఆ కాస్త కూడా నా కాలి మీదే ఆధారపడి ఉంటుంది. ఇంకోటి, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన రెండో రోజుకే నల్లగా అయిపోతుంది, అది చూసి మోసపోయామని కంగారు పడేవాళ్లు చాలామంది. మసిని కడిగి తనలో పట్టుకుంటోంది కాబట్టే నలుపు, అది ఆయిల్ చేసే పనే.

పాలకొల్లు_పానా:

పెట్రోల్, డీజిల్ బళ్లు ముప్పై ఏళ్లుగా విప్పుతున్నాను. పై డ్రైవరు తమ్ముడు చెప్పింది వాళ్ల బండికి నిజం. కొబ్బరికొట్టు గారూ, ఆలోచించకుండా పోసెయ్యడం మాత్రం మీ బండికి నప్పదు, ఎందుకంటే వాళ్ల ఇంజను ఒకసారి వేడెక్కితే తెల్లారేదాకా చల్లారదు, మీది రోజుకి నాలుగుసార్లు స్టార్ట్ అయినా ఒక్కసారి కూడా సరిగ్గా వేడెక్కదు. మీరు చిన్న విషయం అన్నారే, ఆ మీగడ, నాకు అదే పెద్దది.

ముందు సీల్స్ సంగతి. సింథటిక్ ఆయిల్ సీలుని తినదు. ఆ భయం పాతకాలంది, మొదట్లో వచ్చిన సింథటిక్‌లు కొన్ని రబ్బరుని కుదించేవి, తర్వాత ఆ లోపం సరిచేశారు. ఇప్పుడు జరిగేది వేరు. ఎప్పుడో గట్టిపడి బీట్లు వారిన సీలు దగ్గర ఏళ్ల తరబడి మడ్డి పేరుకుని అడ్డుకట్ట వేసి ఉంటుంది, కొత్త ఆయిల్ ఆ మడ్డిని కరిగిస్తే ఉన్న చిల్లు బయటపడుతుంది. చిల్లు కుండకి అంటించిన మైనం ఊడినట్టు. మీ బండి కింద ఒక పాత అట్టముక్క రాత్రంతా పరిచి ఉంచండి. పొద్దున్నకి మరక లేకపోతే మీకు ఆ బెంగ అక్కర్లేదు.

మీ మెకానిక్ అన్న 20డబ్ల్యూ-50 మాత్రం వద్దు. అంబాసిడర్ల రోజుల్లో నేనూ అదే పోసేవాణ్ణి, ఆ ఇంజన్లలో బేరింగు సందులు అలా ఉండేవి. మీ ఇంజనులో వాల్వ్ టైమింగ్ మార్చే వీవీటీ కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది, దారులు సన్నం. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఆయిల్ పైదాకా ఎంత త్వరగా ఎక్కితే అంత మంచిది, ఇంజను అరుగుదల ఎక్కువగా జరిగేది అప్పుడే. పాత బండి కాబట్టి చిక్కటిది అనడం, పెద్దాయన కాబట్టి గట్టి అన్నం పెట్టమన్నట్టుంది.

ఇక బావగారి 0డబ్ల్యూ-40. చాలామంది ఆ సున్నా చూసి అది నీళ్లలా పలచనిది అనుకుంటారు. డబ్ల్యూ అంటే వింటర్, గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత పలచగా ఉంటుందో చెప్పే అంకె. 5డబ్ల్యూకి ఆ స్టార్టింగ్ పరీక్ష సున్నాకి 30 డిగ్రీలు కింద, 0డబ్ల్యూకి 35 డిగ్రీలు కింద చేస్తారు. మనకి పుష్యమాసం తెల్లవారుజామున కూడా అంత చలి ఎక్కడిదండీ! రెండో అంకె మనకి ముఖ్యం, అది 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. 40 అంటే 30 కన్నా చిక్కన. మీ ఇంజను 30కి తయారైంది. 40 పోస్తే పేలిపోదు, కానీ ఇంజను దాన్ని తోసుకుంటూ తిరగాలి కాబట్టి పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, బావగారు చెప్పిన వెన్న మాత్రం రాదు. ఖరీదైన చెప్పులే, సైజు మీది కాదు.

ఇప్పుడు మీగడ. దానికి సాధారణంగా రెండే కారణాలు. ఒకటి, హెడ్ గాస్కెట్ (ఇంజను పై, కింది భాగాల మధ్య ఉండే పట్టీ) పోయి కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) ఆయిల్లో కలవడం, అది ప్రమాదం. రెండోది, మీలా చిన్న చిన్న దూరాలు తిరిగే బళ్లలో తేమ పేరుకోవడం. ఏది అనేది మీరే ఇంట్లో చూసుకోవచ్చు. పొద్దున్న ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మీద గీతకి సరిగ్గా మార్కు పెట్టండి, వారం చూడండి, తగ్గుతోందా? తర్వాత డిప్‌స్టిక్, అదే ఆయిల్ మట్టం చూసే పుల్ల. బండి సమంగా ఉన్న చోట పెట్టి, ఇంజను ఆపి ఐదు నిమిషాలు ఆగి, పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టి తియ్యండి. తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వదలండి. రంగు ఏంటి, వాసన ఏంటి, గీతకి పైన ఉందా కింద ఉందా, మూడూ రాయండి. డబ్బా సీలు మాత్రం అప్పటిదాకా తియ్యకండి.

కొబ్బరికొట్టు_అమలాపురం:

పానా గారూ, చాలా థాంక్స్ అండి. మీగడ అనగానే టెన్షన్ పట్టుకుని వెంటనే రాయలేదు, వారం ఆగి చూశాను. కూలెంట్ గీత మీదే ఉంది, వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. అట్టముక్క మీద మరక లేదు, మా పిల్లి అడుగులు తప్ప.

ఆయిల్ మాత్రం చిత్రంగా ఉంది. టిష్యూ మీద మధ్యలో నల్లటి చుక్క, దాని చుట్టూ పలచటి పసుపు వలయం పెద్దగా పాకింది. ముక్కు దగ్గర పెడితే పెట్రోల్ బంకులో నిలబడినట్టే వాసన. పై గీత కన్నా కాస్త పైనే ఉంది. అంటే ఆయిల్ తాగట్లేదని మొదట సంతోషించాను, తర్వాత ఆలోచిస్తే ఏడాదిన్నరలో నేను పొయ్యకుండా ఆయిల్ ఎలా పెరుగుతుంది?

పాలకొల్లు_పానా:

పెరిగింది ఆయిల్ కాదు, పెట్రోలు. చల్లటి ఇంజనుకి కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, కొంత మండకుండా పిస్టన్ రింగుల పక్క నుంచి కిందకి జారి ఆయిల్లో కలుస్తుంది. బండి అరగంట వేడిగా తిరిగితే అది ఆవిరై బయటికి పోవాలి, మీరు పదినిమిషాల్లో ఆపేస్తారు. మీటరులో టెంపరేచర్ ముల్లు లేచిందంటే వేడెక్కింది కూలెంటే, ఆయిల్ దాని వెనకాల చాలాసేపటికి గానీ వేడెక్కదు. ఈ ఆయిల్‌తో ఇక దూరం తిప్పకండి, ముందు మార్పించండి.

లంకలో_ఒకడు:

ఆయిల్ పెరగడం గురించి నా కథ ఒకటి. 2022 జులైలో గోదారి వరదకి మా లంకలో ఇంటి గుమ్మం మెట్లు మునిగిపోయాయి, మనుషుల్ని, గేదెల్ని ఒడ్డుకి చేర్చుకునే హడావిడిలో కారు సంగతి ఎవడికి గుర్తుంటుంది. నీళ్లు తీశాక వచ్చి చూస్తే డోర్ల సగం దాకా బురద గీత. అందరూ ఒకసారి స్టార్ట్ చేసి చూడమన్నారు. మా నాన్న వద్దని పుల్ల తీసి చూశారు, ఆయనకి ఆయిలింజన్ల అలవాటు. పుల్లకి పై గీత దాటి రెండంగుళాలు ఎక్కువ, రంగేమో పాలెక్కువైన టీ. అప్పుడు తాళం తిప్పి ఉంటే ఇంజను అక్కడే అయిపోయేది.

ట్రాక్టరుతో లాక్కెళ్లాం. షెడ్డులో అంతా దింపి, చవక ఆయిల్ కొత్త ఫిల్టరు వేసి, పది నిమిషాలు తిప్పి దింపడం, అలా రెండుసార్లు చేశారు, మూడోసారి గానీ ఆయిల్ ఆయిల్ రంగులో రాలేదు. ఆ కడిగేదానికి కూడా సింథటిక్ పొయ్యమని ఒక షాపాయన చెప్పాడు. పది నిమిషాలకి పారబోసేదానికి వేలు పెట్టడం ఎందుకండీ.

అప్పటినుంచి ఏ బ్రాండ్ పోస్తున్నానో నాకే గుర్తుండదు గానీ ఆదివారం పొద్దున్న పుల్ల తియ్యడం మాత్రం మానలేదు.

కాకినాడ_కెమిస్ట్రీ:

మంచి చర్చ. తేమ ఎక్కడిది అని ఎవరికైనా సందేహం ఉంటే, మన గోదారి గాలి తేమ ఒక వంతే. పెట్రోలులో ఉన్న హైడ్రోజన్ మండితే పుట్టేది నీరే, ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. చలికాలం పొద్దున్న సైలెన్సర్లోంచి కారే చుక్కలు అవే. అందులో కొంచెం రింగులు దాటి కిందకి వెళ్లి, చల్లటి మూత కింద చేరి ఆయిల్‌తో చిలికినట్టు కలిస్తే అదే మీ మీగడ. సింథటిక్ పోసినా నీరు పుట్టడం ఆగదు.

అసలు సింథటిక్ అంటే ఏంటో కూడా ఒక మాట. మందులు కలపకముందు ఉండే అసలు నూనెని బేస్ ఆయిల్ అంటారు. ఏపీఐ అనే అమెరికా పెట్రోలియం సంస్థ వాళ్లు బేస్ ఆయిల్స్‌ని ఐదు గ్రూపులు చేశారు. 1, 2 గ్రూపులు మామూలు మినరల్. 3 కూడా ముడి చమురు నుంచే, కాకపోతే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసి అణువుల రూపం మార్చేస్తారు. 4 అంటే పీఏఓ, ఫ్యాక్టరీలో అణువు అణువు కట్టింది. ఎస్టర్లు లాంటివి 5లోకి వస్తాయి. మూడో గ్రూపుని సింథటిక్ అనొచ్చా అని మొబిల్, క్యాస్ట్రాల్ అమెరికాలో వాదులాడుకున్నాయి, 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ అనొచ్చని తేల్చింది. అప్పటినుంచి షాపుల్లో ఫుల్ సింథటిక్ అని ఉండేవాటిలో చాలావరకు మూడో గ్రూపే. జర్మనీలో మాత్రం ఆ పేరు పెట్టుకోవడానికి నిబంధన గట్టిది. మూడో గ్రూపంటే తక్కువ అని కాదు, చాలా మంచి ఆయిల్సే, కానీ డబ్బా మీద ఆ రెండు పదాలు చూసి డబ్బులు పెట్టకండి. వెనక్కి తిప్పి గ్రేడు, ఏపీఐ అక్షరాలు చూడండి. పెట్రోల్ బళ్లకి ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో. మీ బండికి ఎస్‌ఎన్ చాలు, ఎస్‌పీ దొరికితే ఇంకా మంచిది.

ఒక పిడకల వేట: సహజవాయువు నుంచి కూడా బేస్ ఆయిల్ తీస్తారు, ఖతార్‌లో షెల్ వాళ్ల పెర్ల్ ప్లాంటులో చేసేది అదే. కేజీ బేసిన్ గ్యాస్ మా పక్కనే గాడిమొగలో ఒడ్డుకి చేరుతుంది, మనం మాత్రం ఆయిల్ డబ్బా కోసం ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి వారం ఎదురుచూస్తాం.

చెరువుగట్టు_భీమవరం:

నాకు రెండు బొలెరోలు, రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లకి నాలుగు జనరేటర్లు. అన్నిటికీ 15డబ్ల్యూ-40 మినరలే, కంపెనీ చెప్పిన గంటల కన్నా కాస్త ముందే దింపేస్తాను. పంట మీదున్నప్పుడు రాత్రి రెండింటికి జనరేటర్ ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది, కాబట్టి ఆయిల్ దగ్గర పీనాసితనం చెయ్యను, అలాగని సింథటిక్ దండగ కూడా చెయ్యను. ఎవరి పనిని బట్టి వాళ్లకి.

ఒక్కటి చెప్తాను, కొనేది ఖరీదైన ఆయిలైతే బిల్లు ఇచ్చే చోట కొనండి. ఖాళీ బ్రాండ్ డబ్బాలు మంచి రేటుకి కొనే పాతసామాన్ల వాళ్లు ఊరికే కొనరు కదా. నేను డబ్బా ఖాళీ అవ్వగానే మేకుతో రెండు చిల్లులు పెట్టి పడేస్తాను.

కొబ్బరికొట్టు_అమలాపురం:

నెల తర్వాత వచ్చాను, జరిగింది చెప్తాను.

మెకానిక్ దగ్గరికి 5డబ్ల్యూ-30 ఎస్‌పీ సింథటిక్ నేనే కొని పట్టుకెళ్లాను. బావగారి దాంతో పోలిస్తే సగం ధరే. మొదట మూతి ముడిచాడు. బోల్టు విప్పగానే పాత ఆయిల్ పడిన తీరు చూసి ఆయనే ఆగిపోయాడు. ఆయిల్ తీగలా సాగుతూ పడాలి కదా, ఇది తెడ్డుతో కొట్టిన మజ్జిగలా చిటపటలాడుతూ పడింది, షెడ్డంతా పెట్రోల్ వాసన. "ఏంటండీ ఇది, పెట్రోల్లో ఆయిల్ కలిపారా" అన్నాడు. ఫిల్టరు, కింద బోల్టు వాషరు కూడా కొత్తవి వేయించాను. మూడు లీటర్ల పైచిలుకు పట్టింది. 20డబ్ల్యూ-50 మాట ఆయన ఎత్తలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

తేడా తెలిసిందా అంటే, పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు వచ్చే కటకట శబ్దం పోయింది. అది సింథటిక్ గొప్పా, లేక ఏడాదిన్నర పాత పెట్రోలు నీళ్లు పోయినందుకా అంటే నిజాయితీగా రెండోదే అనుకుంటున్నాను. ఇకనుంచి కిలోమీటర్లు చూడను, ఆరు నెలలకోసారి మార్చేద్దామని క్యాలెండర్ మీద రాసుకున్నాను. పుస్తకంలో కూడా పదివేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది అనే ఉంది, నేను పదివేలే చదివి ఏడాది వదిలేశాను.

ఇంకా, ప్రతి ఆదివారం కొత్తపేట మీదుగా రావులపాలెం దాకా వెళ్లి వస్తున్నాం. కాలవ పక్కన పొద్దున్నే బాగుంటుంది, మా ఆవిడకి ఆయిల్ విషయంలో మొదటిసారి అభ్యంతరం లేదు. మూడు ఆదివారాలకి మూత కింద మీగడ పోయింది, ఒట్టి ఆయిల్ తడే ఉంది.

ఒక తప్పు కూడా చేశాను, దాచడం ఎందుకు. కొత్త డబ్బాలో మిగిలిన కాస్త ఆయిల్ పారెయ్యడం ఇష్టంలేక తమ్ముడి బైకులో పోశాను. రెండో రోజే ముక్తేశ్వరం దారిలో గేరు వేసి రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తోంది గానీ బండి ముందుకి లాగట్లేదని ఫోన్ చేశాడు.

పాలకొల్లు_పానా:

అయ్యో! బైకులో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో మునిగి ఉంటాయి. కార్ల ఆయిల్లో జారుడు మందు కలుపుతారు, ప్లేట్లు పట్టు తప్పుతాయి. బైకు డబ్బా మీద ఇలాంటి క్లచ్‌కి పనికొస్తుందని చెప్పే జాసో ఎంఏ గుర్తు ఉంటేనే పొయ్యాలి. వెంటనే దింపించి సరైనది పోయించండి, ఎక్కువ తిప్పకపోతే ప్లేట్లు మామూలుగా మళ్లీ పట్టుకుంటాయి.

కొబ్బరికొట్టు_అమలాపురం:

దింపించాం అండి, ఇప్పుడు బానే లాగుతోంది. ఆ ఖర్చు నా ఖాతాలోనే.

బావగారు మొన్న ఫోన్ చేసి "పోశావా, ఎలా ఉంది?" అన్నారు. వెన్నలా ఉంది బావగారూ అన్నాను. డబ్బా అటక మీద పాత దుప్పటి కింద ఉంది.

ఏటిగట్టు_డ్రైవర్:

గురువుగారూ, ఆ డబ్బా అమ్ముతారా? మా ఓనర్ కొడుకు కొత్తగా సెకండ్ హ్యాండ్ ఆడి కొన్నాడు.

పాలకొల్లు_పానా:

ముందు ఆ కారు పుస్తకంలో ఏ గ్రేడు రాసుందో, కంపెనీ ఏ ఆమోదం అడుగుతోందో చూసి చెప్పు తమ్ముడూ.